పాతదనం పెయింటు డబ్బాలో లేదు

కొత్త గిటార్ బాడీని ముప్పై నలభై ఏళ్లు వాయించి అరగదీసినట్టు తయారుచేయాలనుకునేవాళ్లకు మొదటి రోజే ఒక సలహా అందుతుంది: నైట్రో తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దు. నైట్రోసెల్యులోజ్ ల్యాకర్ అయితేనే నిజంగా పాతబడుతుందట. దాని కింద ఉన్న చెక్కే ఊపిరి పీల్చుకుంటుందట. 1950లు, 60ల నాటి గొప్ప గిటార్లన్నీ దానితోనే తయారయ్యాయట. పాలియురెథేన్, పాలియెస్టర్, యాక్రిలిక్ పేరెత్తితే గిటార్ గురించి ఏమీ తెలియనివాడి కింద జమకడతారు. తయారీ సంస్థల ప్రకటనలు, అమ్మకందారుల మాటలు, ఇంట్లో సొంతంగా గిటార్ బిగించుకునే కుర్రాళ్ల నమ్మకం, అన్నీ ఈ ఒక్క మాట దగ్గరే కలుస్తాయి. ఇందులో కొంత నిజం ఉంది. కానీ ఆ కొంత నిజం మీద కట్టిన మేడలో చాలా గదులు ఖాళీ.

అరుగుదలకు మూలం రంగు రకమని చెప్పడమే అసలు పొరపాటు. ఏ గిటార్ ఎలా అరుగుతుందో తేల్చేవి వేరే ఉన్నాయి: పూత ఎంత మందం, దాని కింద ఏ సీలర్ ఉంది, రంగుకు వాడిన పొడి లేదా అద్దకం ఏది, ఆ గిటార్ ఎవరి చేతిలో ఎలాంటి వాతావరణంలో బతికింది. ఇవేవీ అడగకుండా "నైట్రోనా, పాలీనా" అని మాత్రమే అడిగేవాడు తప్పు ప్రశ్నతో మొదలుపెడుతున్నాడు.

నైట్రో పక్షం ముందుగా చూపించే సాక్షి ఐరిష్ గిటారిస్టు రోరీ గాలహర్ వాయించిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్. 1961లో తయారైన ఈ సన్‌బర్స్ట్ గిటార్‌ను ఆయన 1963లో ఐర్లాండ్‌లోని కార్క్ నగరంలో క్రౌలీ దుకాణం నుంచి 100 పౌండ్లకు కొన్నాడు. తర్వాతి మూడు దశాబ్దాల్లో దాని మీది రంగు దాదాపు మొత్తం లేచిపోయి, కింద చెక్క బయటపడింది. 2024లో లండన్‌లో బాన్‌హమ్స్ సంస్థ వేలం వేసినప్పుడు అది 8,89,400 పౌండ్లు పలికింది. అరిగిన గిటార్ అనగానే కళ్ల ముందు మెదిలే బొమ్మ అదే. "చూశారా, నైట్రో ఎంత అందంగా అరిగిందో" అంటారు.

అదే 1961లో, కాలిఫోర్నియాలోని అదే ఫుల్లర్టన్ ఫ్యాక్టరీలో, అదే రంగు పూసుకుని బయటికొచ్చిన స్ట్రాటోకాస్టర్లు ఇంకెన్నో ఉన్నాయి. వాటిలో పెట్టెల్లో భద్రంగా ఉండిపోయినవి ఇవాళ్టికీ నిగనిగలాడుతున్నాయి. రంగు ఒకటే, ఫ్యాక్టరీ ఒకటే, ఏడాదీ ఒకటే. తేడా ఎక్కడుంది? రోరీ చెమటలో, రోడ్ల మీద గడిచిన ఏళ్లలో, ఏకధాటిగా సాగిన కచేరీల్లో. ఆ గిటార్‌ను ఒకసారి దొంగలు ఎత్తుకుపోయారు. దొరికేసరికి అది వానలో తడిసి ఉంది. ఆ బాడీని అలా మార్చింది ల్యాకర్ ఒక్కటే అయితే దాని తోబుట్టువులన్నీ అలాగే ఉండాలి. లేవు.

ఇక చరిత్ర. నైట్రోను గిటార్ తయారీ పవిత్ర సంప్రదాయంలా చెప్పేవాళ్లు అది ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుచేసుకోరు. డ్యూపాంట్ సంస్థ 1923లో డ్యూకో పేరుతో నైట్రోసెల్యులోజ్ ల్యాకర్‌ను కార్ల కోసం బజారులోకి తెచ్చింది. అంతకుముందు ఒక కారుకు రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. డ్యూకో ఆ పనిని గంటల్లోకి తెచ్చింది. గిటార్ తయారీదారులకూ అదే నచ్చింది: త్వరగా ఆరుతుంది, స్ప్రే చేయడం తేలిక, కార్ల రంగుల వ్యాపారంలో ఎక్కడైనా దొరుకుతుంది. లియో ఫెండర్ ఫ్యాక్టరీ ప్రత్యేక రంగుల పేర్లు వింటేనే ఈ చుట్టరికం తెలుస్తుంది. ఫియెస్టా రెడ్ ఫోర్డ్ కార్ల రంగు, సోనిక్ బ్లూ కాడిలాక్ రంగు. అప్పట్లో ఎవరూ నైట్రోను చెక్క ఊపిరి కోసం ఎంచుకోలేదు. పని త్వరగా తెమలాలని ఎంచుకున్నారు.

పైగా ఆ ఫ్యాక్టరీ నైట్రోకే కట్టుబడి కూడా లేదు. త్వరగా మసకబారని రంగు కావాలని 1950ల రెండో సగంలో కార్ల పరిశ్రమ యాక్రిలిక్ ల్యాకర్ వైపు మళ్లింది. డ్యూపాంట్ దాన్ని లూసైట్ పేరుతో అమ్మింది. ఫెండర్ కూడా ఆ వెంటే నడిచింది. లేక్ ప్లాసిడ్ బ్లూ లాంటి మెటాలిక్ రంగులు లూసైట్ డబ్బాల్లోంచి వచ్చినవే. అంటే, ఇవాళ లక్షలు పోసి కొనే 1960ల నాటి "అసలైన నైట్రో" గిటార్లలో కొన్నింటి రంగు పొర యాక్రిలిక్. దాని మీద పారదర్శక నైట్రో పూత ఉన్నా ఉండొచ్చు, లేకపోయినా లేకపోవచ్చు.

అడుగున ఏముందో చూస్తే వాదన ఇంకా పలచబడుతుంది. చెక్క రంధ్రాలు మూయడానికి ఫెండర్ 1963 ప్రాంతంలో ఫుల్లర్‌ప్లాస్ట్ అనే సీలర్ వాడకం మొదలుపెట్టింది. అది రసాయన చర్యతో గట్టిపడే రకం. ల్యాకర్ థిన్నర్ పోసినా కరగదు. చెక్కకు అతుక్కుని ఉన్నది అది, నైట్రో ఉన్నది దాని మీద. చెక్క నైట్రో గుండా ఊపిరి పీలుస్తుందని చెప్పేవాళ్లు ఈ అడుగు పొరను ఏం చేస్తారు? ఇవాళ "నైట్రో ఫినిష్" అని రాసి అమ్మే ఫ్యాక్టరీ గిటార్లలోనూ చాలావాటికి కింద పాలీ సీలర్ ఉంటుంది. పైన నైట్రో పలచగా కొడతారు. కొన్నవాడు గరుకు కాగితంతో రుద్దుతూ పోతే రంగు లేస్తుంది, సీలర్ దగ్గర ఆగిపోతుంది. చెక్క కనిపించదు. మోచేయి ఆనే చోట చెక్క బయటపడి, చెమట పీల్చుకుని బూడిద రంగుకు తిరగడం అనే ఆ ముచ్చట అక్కడ జరగనే జరగదు. డబ్బా మీద నైట్రో అని ఉన్నా సరే.

సీబీఎస్ సంస్థ 1965లో ఫెండర్‌ను కొన్న తర్వాత, 1968 నుంచి బాడీలకు మందపాటి పాలియెస్టర్ వచ్చింది. హెడ్‌స్టాక్ ముందు భాగానికి మాత్రం ల్యాకరే కొనసాగింది. అక్కడ అతికించే పేరు స్టిక్కర్‌కూ పాలియెస్టర్‌కూ పడేది కాదు. అందుకే 1970ల నాటి గిటార్లలో హెడ్‌స్టాక్ ముఖం పసుపు తిరిగి, మెడ మాత్రం లేత రంగులో ఉండటం కనిపిస్తుంది. ఆ దశాబ్దపు గిటార్ దెబ్బ తింటే రంగు మెల్లగా అరగదు. గాజు పెంకులా పెచ్చు ఊడుతుంది. ఊడిన చోట నిట్టనిలువు అంచు మిగులుతుంది. 1970ల స్ట్రాటోకాస్టర్‌ను అనుకరిస్తూ, మూడు స్క్రూల మెడ ప్లేటు, పెద్ద హెడ్‌స్టాక్ అన్నీ సరిగ్గా పెట్టి, దాని మీద నైట్రో కొట్టి 1950ల తరహాలో మెత్తగా అరగదీస్తే అది ఏ కాలానికీ చెందని వస్తువు అవుతుంది. చరిత్ర పట్ల గౌరవంతోనే నైట్రో వాడుతున్నామనేవాళ్లు ఇక్కడ చరిత్రకే ఎదురు నడుస్తున్నారు. ఆ గిటార్‌కు పాలియెస్టరే న్యాయం.

రంగు వెలిసిపోవడం సంగతి దీనికన్నా ఆసక్తికరం. 1958, 59లలో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ సన్‌బర్స్ట్‌లు ప్రపంచంలో అత్యంత ఖరీదైన గిటార్లలో ఉన్నాయి. అంచుల్లో చెర్రీ ఎరుపు వెలిసిపోయి, ఒక్కో గిటార్ ఒక్కో రకంగా, తేనె రంగులోకో నిమ్మపండు రంగులోకో తిరగడమే వాటి ఆకర్షణ. దీన్ని నైట్రో మహిమగా చెప్పుకోవడం మామూలే. నిజానికి వెలిసింది ఎరుపు కోసం వాడిన అద్దకం. ఎండకు, అతినీలలోహిత కిరణాలకు అది నిలవలేదు. గిబ్సన్ 1960లో వెలవని ఎరుపుకు మారింది. పైన ఉన్న ల్యాకర్ అదే నైట్రో, అయినా ఆ తర్వాతి గిటార్లు చాలావరకు ఎర్రగానే మిగిలాయి. ఒకే ల్యాకర్ కింద రెండు భిన్నమైన ఫలితాలు వచ్చాయంటే కారణం ల్యాకర్‌లో వెతకడం వృథా.

1952 నుంచి వచ్చిన లెస్ పాల్ గోల్డ్‌టాప్‌లదీ ఇదే కథ. వాటి బంగారు మెరుపు కంచు పొడి వల్ల వచ్చింది. పైపూత అరిగిన చోట చెమట ఆ పొడిని తాకుతుంది, అక్కడ ఆకుపచ్చ చిలుము పడుతుంది. మోచేయి ఆనే చోట పచ్చగా మారిన గోల్డ్‌టాప్ కావాలనుకునేవాడు ముందు వెతకాల్సింది కంచు పొడి ఉన్న రంగును. ఇవాళ దొరికే బంగారు రంగుల్లో చాలావాటిలో మెరిసేది అభ్రకం. అభ్రకానికి చిలుము పట్టదు. దాని మీద ఎంత మంచి నైట్రో కొట్టినా ఆ పచ్చదనం రాదు.

నైట్రోకు దక్కాల్సిన మెప్పు దక్కాలి. అది కాలంతో పసుపు తిరుగుతుంది, ఆ పసుపు కింద ఉన్న రంగును మార్చేస్తుంది. తెలుపు మీగడ రంగవుతుంది, నీలం ఆకుపచ్చలోకి జారుతుంది. అది ద్రావకం ఆవిరైపోవడం వల్ల మాత్రమే ఆరుతుంది కాబట్టి, ఏళ్ల తర్వాత కూడా కొత్త పూత పాత పూతను కరిగించి దానిలో కలిసిపోతుంది. మరమ్మతు చేసేవాళ్లకు ఇది వరం. అరిగిన అంచును వేలితో తడిమితే గట్టు తగలకుండా పలచబడటం కూడా దీనికి సులభంగా వస్తుంది. ఇవన్నీ నిజమైన గుణాలు. అయితే వీటిలో చాలా భాగం యాక్రిలిక్ ల్యాకర్‌కూ ఉన్నాయి. అదీ ద్రావకం ఆవిరైతేనే ఆరుతుంది, అదీ తిరిగి కరుగుతుంది, పలచగా కొడితే అదీ మెత్తగా అరుగుతుంది. అది పసుపు తిరగదు, నిజమే. దానికి పారదర్శక పూతలో కొద్దిగా అంబర్ రంగు కలిపితే సరిపోతుంది. కొత్త నైట్రోతో పని చేసేవాళ్లు కూడా చేసేది అదే, ఎందుకంటే సహజమైన పసుపు కోసం ముప్పై ఏళ్లు ఎవరూ ఆగరు.

సన్నని నెర్రెల విషయంలో నైట్రో భక్తులు మరీ ఎక్కువగా మోసపోతున్నారు. చలి దేశాల్లో రాత్రంతా కారు డిక్కీలో గడ్డకట్టిన గిటార్‌ను వెచ్చని గదిలోకి తెచ్చి వెంటనే పెట్టె తెరిస్తే, చెక్క ఒకలా, ల్యాకర్ ఒకలా సాగి, గట్టిపడిన పూత పటపటా నెర్రెలు విచ్చుతుంది. పాత నైట్రో పెళుసు కాబట్టి అలా జరిగింది. ఇవాళ బజారులో దొరికే నైట్రోలో పగుళ్లు రాకుండా మెత్తదనం ఇచ్చే ప్లాస్టిసైజర్లు ఎక్కువగా కలుపుతారు. ఆ డబ్బా కొని, ఫ్రీజర్‌లో పెట్టినా, గాలి డబ్బాను తలకిందులు చేసి చల్లదనం చిమ్మినా, చాలాసార్లు ఏమీ జరగదు. "నైట్రో కొట్టాను కదా, నెర్రెలు ఎందుకు రాలేదు" అని తల పట్టుకునేవాళ్లను ఈ సలహా ఇచ్చినవాళ్లు ఆదుకోరు. గిబ్సన్‌లో కొత్త గిటార్లకు పాత రూపు తెచ్చే టామ్ మర్ఫీ తొలినాళ్లలో ఆ గీతలను బ్లేడుతో గీసి సృష్టించేవాడు. 2021లో ఆయన పేరుతో మర్ఫీ ల్యాబ్ మొదలైనప్పుడు సంస్థ ల్యాకర్ మిశ్రమాన్నే మార్చాల్సి వచ్చింది. నైట్రో అన్న పేరు ఒక్కటే సరిపోయి ఉంటే ఆ శ్రమ అవసరం అయ్యేది కాదు. మరోవైపు, యాక్రిలిక్ ల్యాకర్ మందంగా కొట్టిన పాత అమెరికన్ కార్ల బానెట్ల మీద నెర్రెలు కావలసినన్ని కనిపిస్తాయి. పెళుసుదనం, మందం, ఉష్ణోగ్రత కలిస్తే నెర్రె. ఆ మూడూ ఏ ల్యాకర్‌లోనైనా కలవొచ్చు.

చెక్క ఊపిరి గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. నరికి, ఆరబెట్టి, కోసిన చెక్క ఊపిరి పీల్చదు. గాలిలోని తేమను పీల్చి వదులుతుంది. ఏ పూత అయినా ఆ రాకపోకలను నెమ్మదింపజేస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. కొన్ని పూతలు ఎక్కువ ఆపుతాయి, నైట్రో కొంచెం తక్కువ ఆపుతుంది. దానికీ ధ్వనికీ సంబంధం ఉందని చెప్పాలంటే, తేమ ఎక్కువగా వచ్చిపోయే చెక్క మంచి ధ్వనినిస్తుందని నిరూపించాలి. పల్చటి పైపలక కంపించి పలికే అకూస్టిక్ గిటార్‌లో మందమైన పూత ధ్వనిని నొక్కేస్తుందనేది ఒప్పుకోవాల్సిన మాటే. అక్కడ కూడా దోషం మందానిది. సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ గిటార్‌లో పికప్ వినేది తీగ కదలికను. 1969లో ఆంపెగ్ సంస్థ కోసం డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రూపొందించిన గిటార్ బాడీ మొత్తం పారదర్శక ప్లెక్సిగ్లాస్. రోలింగ్ స్టోన్స్ వాయిద్యకారుడు కీత్ రిచర్డ్స్ ఆ ఏడాది అమెరికా పర్యటనలో దాన్ని వేదిక మీద వాయించాడు. ఆ బాడీలో చెక్క లేదు, దాని మీద నైట్రో లేదు, ఊపిరి ప్రశ్నే లేదు.

అరిగిన గిటార్ల చరిత్రలో అందరూ గుర్తుపట్టే రెండు బాడీలను నైట్రో సిద్ధాంతం అసలు లెక్కలోకే తీసుకోదు. రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ 50 డాలర్లకు నాసిరకం బాడీ, 80 డాలర్లకు మెడ కొని సొంతంగా బిగించుకున్న ఫ్రాంకెన్‌స్టైన్ ఒకటి. నలుపు, తెలుపు, 1979లో ఎరుపు, మధ్యమధ్య టేపు అంటించి పీకిన చారలు. అది ష్విన్ సైకిళ్లకు వేసే యాక్రిలిక్ రంగు. దెబ్బలు తగిలిన చోటల్లా ఒక రంగు కింద ఇంకో రంగు తొంగిచూడటమే దాని అందం. 2019లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం రాక్ వాయిద్యాల ప్రదర్శనలో దాన్ని పెట్టారు. రెండోది ద క్లాష్ బృందపు జో స్ట్రమ్మర్ 1966 టెలికాస్టర్. సన్‌బర్స్ట్ మీద కార్లకు వేసే బూడిద ప్రైమర్, దాని మీద నలుపు కొట్టించుకున్నాడు. ఏళ్ల తరబడి చేతి దెబ్బలకు నలుపు లేచి కింది పొరలు వరసగా బయటపడ్డాయి. అందుకే పాతబడిన గిటార్లను అనుకరించే ఫెండర్ 2007లో దానికీ ఒక నకలు తీసుకొచ్చింది. ఈ రెండు గిటార్లలో అరుగుదలను అందంగా చేసింది పొరల వరస. ఏ పొర మీద ఏ పొర ఉందన్నది.

కాబట్టి పెయింటు ఎంపిక దుకాణంలో మొదలు కాకూడదు. ఏ గిటార్ లాంటి అరుగుదల కావాలో దాని ఫోటో ముందు పెట్టుకుని మొదలుకావాలి. రోరీ తరహాలో చెక్క బయటపడాలంటే సీలర్ బాగా పలచగా ఉండాలి. షెల్లాక్ ఒక పూత చాలు, దాని మీద పలచటి యాక్రిలిక్ ల్యాకర్ అయినా నైట్రో అయినా ఒకటే. స్ట్రమ్మర్ తరహాకు కార్ల రంగే దగ్గరి దారి. 1970ల తరహాకు మందపాటి పాలీ కొట్టి, అంచుల్లో పెచ్చులు లేపాలి. 1959 లెస్ పాల్ నెర్రెలు కావాలంటే మాత్రం నైట్రోయే సరైనది, అదీ ప్లాస్టిసైజర్ తక్కువగా ఉన్న పెళుసు రకం అయితేనే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పని చేసుకునేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఫర్నిచర్ పాలిష్ చేసే ఏ పనివాడికైనా ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్), మెలమైన్, పీయూ (పాలియురెథేన్), డ్యూకో అన్న మాటలు రోజూ నోట్లో నానేవే. 1923లో అమెరికన్ కార్ల కోసం పుట్టిన డ్యూకో పేరు మన దగ్గర స్ప్రే కొట్టిన నున్నటి రంగుకు మారుపేరైంది. నిర్మల్ చిత్రకారులు సైతం చెక్క మీద వాడేది డ్యూకో రంగులే. ఈ పనివాళ్ల అనుభవాన్ని పక్కనపెట్టి, విదేశాల నుంచి ఖరీదైన "గిటార్ నైట్రో" డబ్బా తెప్పించుకోవాలని చెప్పడం డబ్బు దండగ చేయించడమే. పైగా కోస్తాలో వానాకాలం నైట్రో కొడితే ఇంకో చిక్కు. ద్రావకం వేగంగా ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి తెల్లటి పొగమంచులా మిగిలిపోతుంది. నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నర్ కలపాలి, లేదా పొడి రోజుకోసం ఆగాలి. విశాఖలోనో కాకినాడలోనో పుట్టిన గిటార్‌కు మంచుదేశపు నెర్రెలు రావడం ఎలాగూ అసహజం. అక్కడి గాలికి ముందు తుప్పు పట్టేది బ్రిడ్జి, స్క్రూలు.

పాలీ మీద కూడా ఒక నిజమైన అభ్యంతరం ఉంది, నైట్రో పక్షం దాన్ని ఎత్తనే ఎత్తదు. రెండు డబ్బాలు కలిపి కొట్టే పాలియురెథేన్ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆ తుంపరలు పీలిస్తే ఉబ్బసం లాంటి శాశ్వత హాని కలగొచ్చు. మామూలు గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు దానికి చాలవు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే ముసుగు లేకుండా, ఇంటి వరండాలో అది కొట్టకూడదు. నైట్రో, యాక్రిలిక్ ల్యాకర్ల ద్రావకాలకూ త్వరగా మంట అంటుకుంటుంది. గ్యాస్ పొయ్యికి, వెలుగుతున్న దీపానికి దగ్గరలో వాటి మూత కూడా తీయకూడదు. పెయింటును ఎంచుకోవడానికి ధ్వని కంటే, పవిత్రత కంటే ఇది పెద్ద కారణం.

బాడీ ముట్టుకునేముందు అదే జాతి చెక్క ముక్క ఒకటి తీసుకుని, బాడీకి వేయబోయే పొరలన్నీ అదే వరసలో దాని మీద కొట్టాలి. ల్యాకర్ అయితే కొన్ని వారాలు ఆరనివ్వాలి. పచ్చిగా ఉన్నప్పుడు రుద్దితే ముద్దముద్దగా లేస్తుంది. తర్వాత ఒక అంచును గరుకు కాగితంతో, ఒక మూలను తాళాల గుత్తితో, మధ్య భాగాన్ని నూనె చెమట కలిసిన గుడ్డతో అరగదీసి చూడాలి. రుద్దుడు సీలర్ దగ్గర ఆగిపోయి చెక్క కనిపించకపోతే పైన ఉన్న రంగును మార్చి లాభం లేదు. సీలర్‌ను పలచన చేసి ఇంకో ముక్క మీద మళ్లీ మొదలుపెట్టాలి.